మెదడులో ఒక చుక్క: మూర్ఛకి కారణం వెతికిన కథ



మా ఊరు ప్లెయిన్స్‌బరో. న్యూజెర్సీలో ఉన్న మన తెలుగువాళ్ళకి కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. రూట్ వన్ పక్కన, ప్రిన్స్‌టన్‌కి ఆనుకుని ఉన్న చిన్న ఊరు. కాని వేరే రాష్ట్రాల్లో ఎవరికైనా ఈ పేరు చెబితే చాలామంది "టీవీలో హాస్పిటల్ ఉండేది, ఆ ఊరేనా?" అంటారు. వాళ్ళు అనేది "హౌస్" అనే సీరియల్ గురించి. 2004 నవంబరు 16న ఫాక్స్ ఛానెల్లో మొదలై 2012 మే 21 దాకా నడిచింది. అందులో హ్యూ లారీ వేసిన డాక్టరు పని చేసేది ప్రిన్స్‌టన్-ప్లెయిన్స్‌బరో టీచింగ్ హాస్పిటల్లో. అలాంటి హాస్పిటల్ నిజానికి లేదు. పైనుంచి తీసి చూపించే ఆ భవనం ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలోని ఫ్రిస్ట్ క్యాంపస్ సెంటర్.

ఆ సీరియల్ మొదటి భాగం చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చిన్నపిల్లలకి పాఠం చెప్పే టీచరమ్మకి క్లాసులోనే ఉన్నట్టుండి మాట తడబడుతుంది, వెంటనే ఫిట్స్ వచ్చి పడిపోతుంది. డాక్టర్లు ఎమ్మారై తియ్యబోతే కాంట్రాస్ట్ మందు పడక ఆమెకి ఊపిరాడదు. చివరికి తేలేదేమిటంటే, మెదడులో బద్దెపురుగు పిల్ల ఉంది. ఆమె మాత్రం ఆధారం చూపిస్తే తప్ప ఇంకో మందు మింగనంటుంది. అప్పుడు కాలికి ఎక్స్‌రే తీసి, తొడ కండరంలో ఉన్న పురుగుని చూపిస్తారు.

టీవీ కథ కదా అని అప్పట్లో నవ్వి ఊరుకున్నవాళ్ళున్నారు. అయితే ఆ కథలో ఉన్న అసలు సరుకు చాలా భాగం మన దేశం నుంచి వచ్చిందే. తొడకి ఎక్స్‌రే తీసే ఉపాయంతో సహా. ఈ వారం ఆ చరిత్ర చెప్పుకుందాం. మొదటే ఒక మాట. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ కన్సల్టెంటుని. పాత సంగతులు చదివే అలవాటు ఉంది, అంతే. వైద్యం గురించి మీ డాక్టరు చెప్పిందే వినండి. కాని డాక్టరు అడిగినప్పుడు మనం ఏం జవాబు చెప్పాలో తెలుసుకోడానికి ఈ చరిత్ర పనికొస్తుందని నా నమ్మకం.

మూర్ఛ మనకి కొత్త జబ్బు కాదు. ఆయుర్వేద గ్రంథాలు దీన్ని అపస్మారం అన్నాయి, స్మృతి తప్పడం అని అర్థం. మన ఊళ్ళలో ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే చేతిలో ఇనప తాళంచెవులు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ నలిపి పెట్టడం మనలో చాలామంది చూసే ఉంటాం. ఫిట్స్ సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. అలా ఆగినప్పుడు చేతిలో ఏముంటే దానికే పేరొచ్చింది. తాళంచెవులకి దక్కిన పరువు అలాంటిదే. గాలి సోకిందనీ, ఎవరో ఏదో చేశారనీ, పూర్వజన్మ కర్మ అనీ అనుకోవడం కూడా ఆ లెక్కలోదే. కారణం కంటికి కనపడనప్పుడు మనిషి ఏదో ఒక కారణం కల్పించుకోక మానడు.

మన దగ్గర కారణం మొదటిసారి కంటికి కనపడింది 1888లో, మద్రాసులో. ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వైద్యుడు, ఫిట్స్‌తో చనిపోయిన ఒక కూలీ మెదడులో బద్దెపురుగు పిల్లల తిత్తులు ఉన్నాయని నమోదు చేశాడు. మన దేశంలో ఈ జబ్బు గురించి మొట్టమొదటి కబురుగా వైద్య చరిత్రకారులు దీన్నే చెబుతారు. అప్పటి మద్రాసు అంటే ఒక్క పట్నం కాదు, గంజాం నుంచి అనంతపురం దాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఆ ప్రెసిడెన్సీలో భాగమే. ఆ కూలీ పేరు గాని, ఊరు గాని చరిత్రలో మిగల్లేదు. అతని మెదడులో ఏముందో మాత్రం మిగిలింది. అదీ అతను పోయాక, కోసి చూస్తే తెలిసింది.

ఆ రోజుల్లో అదే చిక్కు. బతికున్న మనిషి మెదడులో ఏముందో చూసే దారి లేదు.

తర్వాతి అధ్యాయం కూడా మన దేశంతో ముడిపడిందే, కాని రోగులు మనవాళ్ళు కారు. ఇండియాలో కొన్నేళ్ళు పనిచేసి ఇంగ్లండు వెళ్ళిపోయిన బ్రిటిష్ సిపాయిల్లో కొందరికి ఉన్నట్టుండి ఫిట్స్ రావడం మొదలైంది. అంతకు ముందు వాళ్ళకి గాని, వాళ్ళ ఇళ్ళలో గాని ఆ జబ్బు లేదు. కొందరిని మామూలు మూర్ఛ అనీ, కొందరిని మానసిక వ్యాధి అనీ అనుకున్నారు. మాకార్థర్ అనే సైనిక వైద్యుడు 1930ల్లో వీళ్ళని పట్టుగా పరిశీలించాడు. చర్మం కింద చిన్న చిన్న గడ్డలున్నాయేమో తడిమి చూశాడు. కండరాలకి ఎక్స్‌రేలు తీయించాడు. చచ్చిపోయి సున్నం పట్టిన పురుగు పిల్లలు ఎక్స్‌రేలో బియ్యపు గింజల్లా కనిపిస్తాయి. తొడ కండరంలో అవి ఉంటే మెదడులో కూడా ఉండొచ్చని అంచనా. హౌస్ సీరియల్లో టీచరమ్మ కాలికి తీసిన ఎక్స్‌రే ఈ కిటుకే.

1961లో డిక్సన్, లిప్స్‌కోంబ్ అనే ఇద్దరు ఇలాంటి 450 మంది రోగుల వివరాలు ఒక పుస్తకంగా వేశారు. వాళ్ళలో ఎక్కువమంది ఇండియాలో పనిచేసి వచ్చినవాళ్ళే. ఆ పుస్తకంలో మనలాంటి వలసవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటుంది. పురుగు ఒంట్లో చేరడానికీ, మొదటి ఫిట్ రావడానికీ మధ్య చాలామందిలో కొన్నేళ్ళు గడిచాయి. కొందరిలో ముప్ఫయ్యేళ్ళు కూడా పట్టింది. అంటే దేశం వదిలి ఎన్నాళ్ళయిందన్నది ఈ జబ్బుకి పట్టదు.

ఇక యంత్రాల సంగతి. 1971 అక్టోబరులో లండన్ దగ్గర ఒక హాస్పిటల్లో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ స్కానర్‌తో మొదటిసారి ఒక రోగి మెదడుని పొరలు పొరలుగా చూశారు. దానికి 1979లో ఆయనకీ, కార్మాక్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. సీటీ అంటే ఎక్స్‌రేలే, చుట్టూ తిరుగుతూ తీసి కంప్యూటరుతో పేర్చినవి. ఎమ్మారై పద్ధతి వేరు. మన ఒంట్లో నీరెక్కువ, నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. బలమైన అయస్కాంతంలో పడుకోబెట్టి రేడియో తరంగాలు పంపిస్తే ఆ హైడ్రోజన్ నుంచి తిరిగి సంకేతాలు వస్తాయి. నీరు ఎక్కడ ఎలా ఉందన్నదాన్ని బట్టి ఆ సంకేతం మారుతుంది. అందుకే వాపు, తిత్తి, మచ్చ, అన్నీ విడివిడిగా కనపడతాయి. ఎక్స్‌రేలు లేవు.

ఈ ఎమ్మారై పుట్టిల్లు మనకి దూరమేమీ కాదు. 1973లో ఈ సంకేతాలతో బొమ్మ గీయవచ్చని చూపించిన పాల్ లాటర్‌బర్ లాంగ్ ఐలండ్‌లోని స్టోనీబ్రూక్‌లో ప్రొఫెసరు. 1977 జులైలో రేమండ్ డమాడియన్ బృందం మనిషి ఒంటిని మొదటిసారి ఇలా స్కాన్ చేసింది బ్రూక్లిన్‌లో. ఆ ఒక్క బొమ్మకి దాదాపు ఐదు గంటలు పట్టింది. 2003లో నోబెల్ బహుమతి లాటర్‌బర్‌కీ, ఇంగ్లండులోని మాన్స్‌ఫీల్డ్‌కీ వచ్చింది. డమాడియన్‌కి రాలేదు, ఆయన పేపర్లలో పెద్ద పెద్ద ప్రకటనలు వేయించి నిరసన చెప్పాడు. ఆ గొడవ ఇంకోసారి చెప్పుకోవచ్చు.

1980ల్లో సీటీ స్కానర్లు మన దేశంలో పెద్ద ఊళ్ళకి చేరాయి. చేరగానే డాక్టర్లకి కొత్త చిక్కొచ్చి పడింది. ఫిట్స్‌తో వచ్చిన పిల్లలకీ, కుర్రవాళ్ళకీ స్కాన్ తీస్తే మెదడులో ఒక్క చిన్న చుక్క. కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే ఉంగరంలా మెరుస్తుంది. చుట్టూ కాస్త వాపు. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో ఇలాంటిదాని ప్రస్తావన పెద్దగా లేదు. ఏమిటిది?

మన దేశంలో క్షయ ఎక్కువ. మెదడులో కూడా క్షయ గడ్డలు వస్తాయి. కాబట్టి చాలామంది డాక్టర్లు ఇది క్షయ గడ్డే అనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పు పట్టడానికి లేదు, కళ్ళముందు రోజూ కనపడే జబ్బు అదే మరి. దాంతో ఆ పిల్లలకి నెలల తరబడి క్షయ మందులు వేశారు. కొన్నాళ్ళకి మళ్ళీ స్కాన్ తీస్తే చుక్క మాయం. మందు పనిచేసిందనుకున్నారు.

ఇక్కడే కొందరికి అనుమానం వచ్చింది. 1985లో ఢిల్లీ డాక్టర్లు కొందరు, ఫిట్స్ వచ్చినవాళ్ళ స్కాన్లలో కనపడి మాయమయ్యే మచ్చల గురించి ఒక వ్యాసం రాశారు. 1987లో ఇంకో వ్యాసం వచ్చింది. క్షయ మందులు వేయకుండా, ఒట్టి ఫిట్స్ మందు వేసినా ఆ చుక్కలు పోతున్నాయి! మందుకి తగ్గిందా, దానంతట అదే తగ్గిందా? తాళంచెవుల కథలో ఉన్న ప్రశ్నే ఇది. ఈసారి స్కానర్ పక్కన నిలబడి అడగాల్సొచ్చింది, అంతే తేడా.

ఆ చుక్కలు ఫిట్స్ వచ్చినందువల్ల మెదడులో కలిగే తాత్కాలికమైన మార్పు అని కొందరన్నారు. ఏదో వైరస్ అని కొందరు. ఎవరి వాదన వారిదే. తేలాలంటే ఒకటే దారి, ఆ చుక్కని బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం.

ఆ పని చేసింది వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. మన చిత్తూరు, తిరుపతి, కడప, అనంతపురం, నెల్లూరు వైపు వాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. "ఇక వెల్లూరు తీసుకుపోండి" అనే మాట మన ఇళ్ళలో ఎన్నిసార్లు వినలేదు! రాయవెల్లూరు అని పిల్చుకునే ఆ ఊరు తమిళనాడులో ఉన్నా, ఆ హాస్పిటల్ వరండాల్లో తెలుగు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. అక్కడి న్యూరోసర్జన్లు మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్, వాళ్ళ సహచరులు ఆ చిన్న చుక్కలని ఆపరేషన్ చేసి తీసి పరీక్ష చేశారు. 1989లో లాన్సెట్ పత్రికలో చిన్న ఉత్తరంగా, 1991లో పూర్తి వ్యాసంగా ఫలితాలు ప్రకటించారు. ఆ చుక్కల్లో బద్దెపురుగు పిల్ల గాని, అది చచ్చిపోతున్నప్పుడు చుట్టూ కట్టిన కంతి గాని కనపడింది. అందరూ అనుకున్న క్షయ కాదు.

నాలుగేళ్ళ తర్వాత, 1993లో, అదే బృందం ఇంకో మెట్టు ఎక్కింది. ప్రతి రోగికీ పుర్రె తెరవక్కర్లేకుండా, స్కాన్ చూసే ఏది పురుగో ఏది క్షయో చెప్పడానికి గుర్తులు ఇచ్చింది. చుక్క 20 మిల్లీమీటర్ల కన్నా చిన్నదిగా ఉండి, అంచు నున్నగా ఉండి, మెదడుని పక్కకి నెట్టెయ్యకుండా ఉంటే అది పురుగు కంతి అయ్యే అవకాశం ఎక్కువ. పెద్దదిగా, అంచు వంకరటింకరగా ఉండి, మెదడు మధ్యగీతని పక్కకి తోసేస్తుంటే క్షయని అనుమానించాలి. రోగికి క్షయ లక్షణాలు ఇంకెక్కడైనా ఉన్నాయా, ఒంట్లో బలహీనత పెరుగుతోందా అన్నది కూడా చూడాలి. వినడానికి ఎంత మామూలుగా ఉందో చూడండి. కాని ఈ నాలుగు గుర్తుల వల్ల ఎంతోమంది పిల్లలకి అక్కర్లేని ఆపరేషన్లు, అక్కర్లేని క్షయ మందులు తప్పాయి.

ఆ బృందమే తర్వాత వెల్లూరు జిల్లా పల్లెల్లోనూ, పట్నంలోనూ ఇల్లిల్లూ తిరిగి మూర్ఛ ఉన్నవాళ్ళని గుర్తించి పరీక్షలు చేసింది. 2006లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం, మూర్ఛ ఉన్నవాళ్ళలో దాదాపు మూడింట ఒక వంతు మందికి కారణం ఈ పురుగే. హైదరాబాదులో జె.ఎం.కె. మూర్తి గారు 1998లో ప్రకటించిన పరిశీలనలో కూడా, కారణం తెలిసిన మూర్ఛల్లో మెదడుకి సోకిన ఇన్ఫెక్షన్లదే పెద్ద పాలు, అందులో ఈ చుక్కలదే ముఖ్యమైన భాగం. ఈ పురుగు ఎక్కువగా ఉన్న చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో 30 శాతం దాకా దీని వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ఇది నివారించదగిన మూర్ఛ. కర్మ కాదు, గాలి కాదు.

ఇంతకీ ఎమ్మారై దీనికి కొత్తగా ఏం చేసిందంటారా? సీటీలో ఉంగరం మాత్రమే కనపడితే, ఎమ్మారైలో చాలాసార్లు ఉంగరం లోపల ఇంకో చిన్న చుక్క కనపడుతుంది. అది పురుగు తల. అది కనపడిందంటే ఇక వాదన లేదు. నీటితిత్తి బతికుందా, చస్తోందా, చుట్టూ వాపు ఎంత ఉందీ అన్నవి కూడా ఎమ్మారైలో తెలుస్తాయి. మరి ఎమ్మారై ఉండగా సీటీ ఎందుకంటే, చచ్చి సున్నం పట్టిన పాత చుక్కలని సీటీ బాగా పట్టుకుంటుంది, ఎమ్మారైలో అవి తప్పిపోవచ్చు. అందుకే డాక్టరు ఒక్కోసారి రెండూ తీయమంటారు. "ఒకటి తీశారు కదా, రెండోది డబ్బుల కోసం" అని మనవాళ్ళు అనుకోకూడదు. 1989లో అమెరికా సీడీసీ వాళ్ళు దీనికి రక్తపరీక్ష తయారుచేశారు, మంచి పరీక్షే. కాని మెదడులో ఒక్క చుక్కే ఉన్నవాళ్ళలో చాలాసార్లు ఏమీ లేదని చెబుతుంది. మన దేశంలో ఒక్క చుక్క కేసులే ఎక్కువ కాబట్టి స్కాన్ లేకుండా పని జరగదు.

మూర్ఛకి కారణాలు ఇంకా బోలెడున్నాయి. జ్ఞాపకాలకి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగం మచ్చకట్టి ముడుచుకుపోవడం, పుట్టుకతోనే మెదడు పైపొర ఒక చోట సరిగ్గా ఏర్పడకపోవడం, రక్తనాళాల ముడులు, కణితులు, పాత దెబ్బలు, పక్షవాతం తాలూకు మచ్చలు. ఇవి చాలావరకు ఎమ్మారై వచ్చాకే బతికున్న మనిషిలో స్పష్టంగా కనపడ్డాయి. అయితే మామూలు తలనొప్పికి తీసే ఎమ్మారైలో చిన్న మచ్చలు తప్పిపోవచ్చు. అందుకే 2019లో అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం వారు మూర్ఛ రోగులందరికీ పల్చటి పొరలతో ఒక ప్రత్యేక పద్ధతిలో ఎమ్మారై తీయాలని సూచించారు. ఎమ్మారైలో ఏమీ కనపడకపోతే మూర్ఛ లేదని కాదు. చాలామందికి స్కాన్ శుభ్రంగానే ఉంటుంది, మందులతో ఫిట్స్ అదుపులో ఉంటాయి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. మా పరిచయస్తుల ఇంట్లో, చదువుకోడానికి వచ్చిన ఒక కుర్రాడికి కొన్నేళ్ళ క్రితం మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. స్కాన్‌లో చుక్క ఉందన్నారు. పంది మాంసంతో సంబంధమున్న పురుగు కావచ్చని డాక్టరు చెబితే, ఫోనులో ఉన్న వాళ్ళమ్మగారు ఒకటే ఏడుపు. "మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ముట్టం బాబూ, ఆ మాటెలా అన్నారు? ఇంతకీ వీడు అక్కడ ఏం తింటున్నాడో నిజం చెప్పు" అని నన్నడిగారు. కొడుక్కి జబ్బు వచ్చిందన్న బాధకి తోడు, వాడు ఆచారం తప్పాడేమోనన్న బాధ. ఆ కుర్రాడి ముఖం చూస్తే జాలేసింది. తప్పు చెయ్యనివాడు తప్పు చేసినట్టు తలొంచుకున్నాడు.

ఆ అమ్మగారి ప్రశ్నకి జవాబు ఉంది, శ్రద్ధగా వినండి. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్ళకి వచ్చేది పేగులో పెద్ద బద్దెపురుగు. అది మీటర్ల పొడవు పెరుగుతుంది, కాని ఆ మనిషికి పెద్ద బాధ ఉండకపోవచ్చు. ఉందని కూడా తెలియదు. ఆ మనిషి మలంలోంచి దాని గుడ్లు బయటికి వస్తాయి. ఆ గుడ్లు చేతుల మీదుగానో, నీళ్ళలోనో, పచ్చి ఆకుకూరల మీదనో ఇంకొకరి నోట్లోకి వెళ్తే, కడుపులో పగిలి, పిల్లలు రక్తంలో కలిసి కండరాలకీ, కంటికీ, మెదడుకీ చేరతాయి. అంటే మెదడులో పురుగు రావడానికి మాంసం తినక్కర్లేదు. పురుగున్న మనిషి సరిగా కడుక్కోని చేత్తో చేసిన పచ్చడో, మురుగునీటితో పండించి కడగకుండా తిన్న కొత్తిమీరో చాలు. శాకాహారానికి ఇక్కడ రక్షణ లేదు. మనవాళ్ళలో క్యాబేజీ పురుగు మెదడులోకి పోతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. క్యాబేజీలో అలాంటి పురుగేమీ లేదు. పచ్చిగా తినే ఏ ఆకు మీదైనా ఈ గుడ్లు అంటుకుని ఉండొచ్చన్నదే అందులో నిజం.

దీనికి సాక్ష్యం మనకి గంట దూరంలోనే ఉంది. 1990 ప్రాంతాల్లో న్యూయార్కులో సంప్రదాయ యూదుల ఇళ్ళలో కొందరికి ఫిట్స్ వచ్చాయి. పంది మాంసాన్ని తాకని మతస్థులు. స్కాన్లలో పురుగు పిల్లలు కనపడ్డాయి. ఆరా తీస్తే, ఆ ఇళ్ళలో వంటా పనీ చేసే మనుషులు బద్దెపురుగు ఎక్కువగా ఉన్న లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చినవాళ్ళు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇది అచ్చయింది. ఇందులో పనిమనుషుల తప్పు లేదు. తమ కడుపులో పురుగుందని వాళ్ళకే తెలియదు. మరుగుదొడ్లు, శుభ్రమైన నీళ్ళు లేని ఊళ్ళలో పుట్టడమే వాళ్ళకి జరిగిన అన్యాయం. మన పల్లెల్లోనూ అంతే.

శుభ్రత అంటే మా ప్లెయిన్స్‌బరోకి ఒక పాత గొప్ప ఉంది. ఇక్కడి వాకర్-గోర్డన్ డెయిరీ పసిపిల్లల కోసం శుభ్రమైన పాలు పంపడంలో పేరు తెచ్చుకుంది. 1930లో ఆవుల్ని తిరిగే చట్రం మీద నిలబెట్టి, కడిగి, పాలు పితికే యంత్రం పెట్టింది. పాలల్లోంచి పిల్లలకి జబ్బులు వచ్చే రోజుల్లో ఈ దేశం కూడా ఇంత కష్టపడింది. అది నడవడికకి సంబంధించిన విషయం కాదు. నీళ్ళు, కాలవలు, డబ్బు, ఓపికకి సంబంధించింది.

మరి ఫిట్స్ ఎందుకు వస్తాయి, పురుగు కొరికా? కాదు. బతికున్నంత కాలం అది మన రక్షణ వ్యవస్థ కంటపడకుండా నిశ్శబ్దంగా ఉంటుంది. ముసలిదై చావబోయేటప్పుడు ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి యుద్ధం మొదలుపెడుతుంది. ఆ వాపు వల్ల వస్తాయి ఫిట్స్. అందుకే చాలామంది రోగుల్లో ఒక్క చుక్క దానంతట అదే తగ్గిపోతుంది. పురుగు మందు వేయాలా వద్దా, వాపు మందు ఎన్నాళ్ళు, ఫిట్స్ మందు ఎన్నాళ్ళు అన్నవి చుక్కల లెక్కని బట్టి, అవి ఉన్న చోటుని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. తిత్తులు చాలా ఉన్నప్పుడు తొందరపడి పురుగు మందు వేస్తే అన్నీ ఒక్కసారి చచ్చి వాపు ప్రమాదకరం అవుతుంది. ఇండియా నుంచి చుట్టాలు పంపిన మాత్రలు సొంతంగా మింగకూడదనడానికి ఇదొక్క కారణం చాలు.

చివరగా, చట్టం సంగతి. 1955 హిందూ వివాహ చట్టంలో, 1976 సవరణతో, పదే పదే వచ్చే పిచ్చితో పాటు మూర్ఛని కూడా పెళ్ళికి అనర్హతగా రాశారు. మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళి రద్దు చేయించుకోవచ్చన్నమాట. మందు బిళ్ళతో అదుపులో ఉండే జబ్బుకి ఇదేం శిక్ష అని డాక్టర్లు, రోగుల సంఘాలు ఏళ్ళ తరబడి అడిగితే, 1999లో పార్లమెంటు ఆ ఒక్క మాట తీసేసింది. చట్టంలోంచి పోయింది గాని మన ఇళ్ళలోంచి పోలేదు. సంబంధాలు చూసేటప్పుడు "ఫిట్స్" అన్న మాట గొంతు తగ్గించి చెప్పుకుంటాం. ఆడపిల్లకి అయితే అసలు చెప్పం. మందులు పెళ్ళిళ్ళ హడావుడిలో రహస్యంగా ఆపేయిస్తాం. అలా ఆపేసిన మందు వల్ల పెళ్ళిపీటల మీదే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందని ఆలోచించం.

కాబట్టి మన రేడియో వినే కుటుంబాలకి నాలుగు మాటలు. మీ ఇంట్లో ఎవరికైనా, మీకు గాని, ఇక్కడే పుట్టి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్ళొచ్చిన పిల్లలకి గాని, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి గాని మొదటిసారి ఫిట్స్ వస్తే, డాక్టరు అడక్కపోయినా చెప్పండి: ఎక్కడ పుట్టారు, ఎక్కడ పెరిగారు, ఎప్పుడు ఇండియా వెళ్ళొచ్చారు, ఇంట్లో క్షయ వచ్చినవాళ్ళున్నారా. ఈ దేశంలో ఏటా వెయ్యి మంది దాకా ఈ జబ్బుతో కొత్తగా హాస్పిటల్లో చేరతారని అంచనా, వాళ్ళలో చాలామంది వలస వచ్చినవాళ్ళే. అయినా ఇక్కడ ప్రతి డాక్టరుకీ ఇది రోజూ కనపడే జబ్బు కాదు. మాంసం గురించి అడిగితే కోపం తెచ్చుకోకండి. అడగడం వాళ్ళ పని. ఎమ్మారై గదిలోకి వెళ్ళేముందు ఒంట్లో పేస్‌మేకర్ గాని, లోహపు ముక్క గాని ఉంటే, ఇదివరకు కాంట్రాస్ట్ మందు పడకపోయి ఉంటే ముందే చెప్పండి. పాత స్కాన్ సీడీలు, ఇండియాలో తీసినవైనా సరే, పారేయకండి. మొన్నటి చుక్క ఇవాళ ఉందా లేదా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

కళ్ళెదుట ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో చెంచా గాని, నీళ్ళు గాని, వేళ్ళు గాని పెట్టకండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, మొదటిసారైనా 911కి ఫోను చెయ్యండి. మన ఊళ్ళో అయితే 108. తాళంచెవులు జేబులోనే ఉంచుకోండి, వెనకాల కారులో హాస్పిటల్‌కి వెళ్ళడానికి పనికొస్తాయి.

హౌస్ సీరియల్ చివరి భాగం వచ్చిన మర్నాడే, 2012 మే 22న, ప్లెయిన్స్‌బరోలో నిజంగానే పెద్ద హాస్పిటల్ తెరిచారు. ప్రిన్స్‌టన్ నుంచి ఇక్కడికి మార్చారు, 2018 నుంచి అది పెన్ మెడిసిన్‌లో భాగం. టీవీలో టీచరమ్మ ఆధారం అడిగింది. వెల్లూరు డాక్టర్లు కూడా ఆధారమే అడిగారు, దానికి ఏళ్ళు పట్టింది, దాని ఫలితం ఇవాళ మన పిల్లలకి అందుతోంది. 1888 నాటి ఆ కూలీకి ఏమైందో అతని ఇంటివాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు. మనకి చెప్పేవాళ్ళున్నారు. మనం చెయ్యాల్సిందల్లా దాచకుండా మాట్లాడటం.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.